బౌద్ధ కరుణ, పరోపకారం: మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంత చరిత్ర నుండి ఒక పరిశీలన

తెలుగువారు ఉచితంగా వైద్యం దొరికే చోటును ‘ధర్మాసుపత్రి’ అంటారు. కట్టించినది సర్కారయినా, మిషన్ అయినా, జమీందారయినా జనం నోట దానికి అదే పేరు. ఈ మాటలో ధర్మమంటే మతం కాదు. వీధిలో చెయ్యి చాచినవాడు ‘ధర్మం చెయ్యండి’ అన్నప్పుడు ఏ అర్థమో ఇక్కడా అదే అర్థం. రాయలసీమలోనే, గుత్తి నుంచి పత్తికొండ వెళ్లే దారిలో, ఎర్రగుడి గుండ్ల మీద క్రీ.పూ. 3వ శతాబ్దంలో అశోకుడు చెక్కించిన ధర్మలిపి ఉంది. అందులోని రెండవ శాసనం మనుషులకు వైద్యం, పశువులకు వైద్యం అని రెండు రకాల చికిత్సలను పేర్కొంటుంది. మందుమొక్కలు లేని చోటికి వాటిని తెప్పించి నాటించిన సంగతి, బాటల వెంట బావులు తవ్వించిన సంగతి చెబుతుంది. తన రాజ్యంలోనే గాక చోళ, పాండ్య, కేరళపుత్ర దేశాల్లోనూ, యవన రాజుల సీమల్లోనూ ఈ ఏర్పాట్లు జరిగాయంటుంది. ఆ రాతి మీది ధర్మానికీ మన పల్లెవాసుల నోటిలోని ధర్మానికీ మధ్య రెండు వేల రెండు వందల ఏళ్లకు పైగా దూరం ఉంది. ఒకదాని నుంచి మరొకటి నేరుగా పుట్టిందని వాదించడం ఈ వ్యాస ఉద్దేశం కాదు. ఇతరులకు తోడ్పడడమనే పనిని మతం పేరుతో గాక ధర్మం పేరుతో పిలిచే అలవాటు ఈ నేలకు కొత్త కాదని గుర్తుచేయడానికే ఈ ప్రస్తావన.

పాత చిత్తూరు జిల్లా పడమటి మెట్టసీమలో పరోపకార చరిత్ర అనగానే మనకు గుర్తొచ్చేవి మన మిషన్ ఆసుపత్రులు, ఆ తరువాత దివ్యజ్ఞాన సమాజపు విద్యాలయాలు. బౌద్ధ కరుణ ఈ సీమకు ఎవరి చేతుల మీదుగా వచ్చింది, వచ్చి ఏ రూపం తీసుకుంది అన్న ప్రశ్నను తెలుగు క్రైస్తవ పరిశోధన పెద్దగా పట్టించుకోలేదు. పట్టించుకోవలసిన అవసరం ఇప్పుడు ఉంది. మన పరిచర్యను ‘మతమార్పిడికి వేసిన ఎర’ అని ఆరోపించేవారు ఒకవైపు, తరిగిపోతున్న విదేశీ నిధులు మరోవైపు. ఈ రెండింటి నడుమ, ఇచ్చేవాడు ఎక్కడ నిలబడి ఇస్తున్నాడు, పుచ్చుకునేవాడు ఎక్కడ నిలబడి పుచ్చుకుంటున్నాడు అన్న ప్రశ్న పండితుల చర్చగా మిగలక సంఘం బతుకుకు సంబంధించిన ప్రశ్నగా మారింది. ఆ ప్రశ్నకు ఎదురైన ఒక జవాబు కుప్పానికి పొరుగునే, బంగారు గనుల లైన్లలో దొరుకుతుంది. అక్కడికి చేరేముందు కొంత వెనక్కి వెళ్లాలి.

జాలి, కరుణ

వినయపిటకం మహావగ్గలో ఒక కథ ఉంది. ఒక భిక్షువు అతిసారంతో తన మలమూత్రాల్లోనే పడి ఉంటాడు. తోటి భిక్షువులెవరూ దగ్గరికి రారు. ఎందుకని అడిగితే, అతడు మాకెవరికీ ఏ ఉపకారమూ చేయలేదు గనుక అంటారు. బుద్ధుడు ఆనందుని చేత నీళ్లు తెప్పించి, తాను నీళ్లు పోస్తుండగా ఆనందుడు ఆ రోగిని కడిగాక, ఇద్దరూ కలిసి ఎత్తి మంచం మీద పడుకోబెడతారు. ఆపై భిక్షువులను సమావేశపరచి, మీకు తల్లీ లేదు తండ్రీ లేడు, ఒకరినొకరు చూసుకోకపోతే మిమ్మల్ని చూసేవారెవరు అన్న భావంతో మందలిస్తాడు. తనకు సేవ చేయగోరేవాడు రోగికి సేవ చేయాలని నిర్దేశిస్తాడు. మత్తయి 25వ అధ్యాయం ఎరిగిన పాఠకునికి ఈ చివరి మాట వెంటనే తగులుతుంది, తగలాలి కూడా. అయితే పోలిక దగ్గర ఆగిపోతే కథలోని ముఖ్యాంశం జారిపోతుంది. ఇక్కడ రోగి బయటివాడు కాడు. ఇల్లూ వాకిలీ వదిలివచ్చిన సమూహంలోని ఒక సభ్యుడు. ఈ రోజు కడిగేవాడు రేపు కడిగించుకోవలసినవాడే. మంచి సమరయుని ఉపమానం పరాయివాణ్ణి పొరుగువాణ్ణి చేస్తే, ఈ కథ దిక్కులేనివారిని ఒకరికొకరు దిక్కు చేస్తుంది. ఈ తేడా మన చర్చకు ఆయువుపట్టు.

బౌద్ధం మైత్రి, కరుణ, ముదిత, ఉపేక్ష అని నాలుగు బ్రహ్మవిహారాలను చెబుతుంది. క్రీ.శ. 5వ శతాబ్దపు బుద్ధఘోషుడు విశుద్ధిమార్గంలో వీటిలో ప్రతిదానికీ ఒక దూరపు శత్రువు, ఒక దగ్గరి శత్రువు ఉన్నాయని వివరిస్తాడు. (ఈయన తెలుగువాడని వాదించే పండితులు ఉన్నారు. ఆ వివాదం ఇక్కడ అక్కర లేదు.) కరుణకు దూరపు శత్రువు క్రౌర్యం. అది ఎవరికైనా తెలుస్తుంది. దగ్గరి శత్రువు మాత్రం కరుణలాగానే కనిపించే లౌకిక దుఃఖం. ఎదుటివాడి బాధ చూసి మనసు కుంగి, ఆ కుంగుబాటులోనే తృప్తి పొందే స్థితి అది. తెలుగులో మనం జాలి అనేది చాలాసార్లు ఇదే. జాలిపడేవాడు ఎప్పుడూ ఒక మెట్టు పైనే ఉంటాడు.

ఇక దానం విషయం. అమరావతి, నాగార్జునకొండ శాసనాలను చూపి ఆంధ్ర బౌద్ధం పేదలపాలిట కల్పవృక్షమని రాయడం కొందరికి అలవాటు. శాసనాలు అలా చెప్పవు. వాటిలోని దానాల్లో అత్యధిక భాగం స్తూపానికి, విహారానికి, భిక్షుసంఘానికి చేరినవి. సంఘమే పుణ్యక్షేత్రం, అందులో నాటిన విత్తనమే ఎక్కువ ఫలిస్తుందన్న నమ్మకం దానికి కారణం. కానుకల సొమ్ములో ఎక్కువ భాగం గుడి గోపురానికీ ప్రహరీకీ పోయే అనుభవం మన సంఘాలకూ ఉంది గనుక ఈ విషయంలో బౌద్ధులను వేలెత్తి చూపే అర్హత మనకు లేదు. కానీ అదే అమరావతిలో ఒక చిన్న శాసనం ఉంది. విధికుడనే చర్మకారుడు, ఉపాధ్యాయుడైన నాగుని కుమారుడు, తన తల్లి, భార్య, సోదరులు, బిడ్డలు, బంధుమిత్రులతో కలిసి పూర్ణఘటం చెక్కిన రాతిపలకను దానం చేశాడు. చర్మకారుని తండ్రి ఉపాధ్యాయుడు కావడం ఒక విశేషం. తరువాతి శతాబ్దాల్లో ఊరి వెలుపల నిలబెట్టి దూరం నుంచి గింజలు విసిరిన వృత్తికి చెందిన మనిషి, ఇక్కడ పేరుతో, కుటుంబంతో, దాతగా రాతిమీద నిలబడడం అంతకన్నా పెద్ద విశేషం.

సంఘానికి వెలుపల ఉన్న దీనుల గురించి స్పష్టంగా మాట్లాడినవాడు ఆచార్య నాగార్జునుడు. శాతవాహన రాజుకు ఉపదేశంగా చెప్పినట్టు సంప్రదాయం భావించే రత్నావళిలో ఆయన గుడ్డివారు, రోగులు, అనాథలు, నిరుపేదలు ఆటంకం లేకుండా అన్నపానాలు పొందాలంటాడు. నీళ్లులేని దారుల్లో పానశాలలు పెట్టించమంటాడు. చెరసాలలోని ఖైదీలు విడుదలయ్యేదాకా వారికి క్షురకులు, స్నానం, ఆహారం, మందులు, బట్టలు ఏర్పాటు చేయమంటాడు. ఖైదీకి గడ్డం గీయించడం గురించి ఆలోచించిన కరుణ జాలి కన్నా చాలా ముందుకు పోయిన కరుణ.

కరువు, మిషన్, శానిటోరియం

అమెరికాకు చెందిన రిఫార్మ్‌డ్ చర్చి వారి ఆర్కాటు మిషన్ 1853లో ఏర్పడింది. వైద్యుడైన జేకబ్ చాంబర్లెయిన్ 1863లో మదనపల్లెలో స్థిరపడి ధర్మాసుపత్రి నడిపాడు, తెలుగు బైబిలు సవరణ సంఘానికి నాయకత్వం వహించాడు. పుంగనూరు, పలమనేరు కూడా ఈ మిషన్ కేంద్రాలే. 1888లో ఆర్కాటు వేదాంత పాఠశాల మొదలైనది పలమనేరులోనే అన్న విషయం మన విద్యార్థుల్లో ఎంతమందికి తెలుసో సందేహం.

1876–78 నాటి ధాతు కరువు ఈ సీమ పరోపకార చరిత్రలో గీత గీసింది. మదనపల్లె అప్పుడు కడప జిల్లాలో ఉండేది. పుంగనూరు జమీందారీ ఉత్తర ఆర్కాటులో ఉండేది. రెండు జిల్లాలూ కరువులో నలిగిపోయాయి. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనుల కూలీలకు రోజుకు ఒక పౌను ధాన్యం చాలునని లెక్కకట్టాడు. మద్రాసు పారిశుద్ధ్య కమిషనరు డాక్టర్ కార్నిష్ ఆ తిండితో రోజంతా పనిచేసే మనిషి బతకలేడని తీవ్రంగా వ్యతిరేకించాడు. ఎంత తక్కువ ఇస్తే మనిషి చావకుండా ఉంటాడన్న లెక్క ఒకటి, మనిషి మనిషిగా ఉండడానికి ఏం కావాలన్న లెక్క మరొకటి. ఈ రెండు లెక్కల మధ్య తగవు ఇప్పటికీ ప్రతి సహాయక శిబిరంలోనూ జరుగుతూనే ఉంది. కరువు తరువాత తెలుగు దేశంలో పెద్ద ఎత్తున జరిగిన బాప్తిస్మాల గురించి మనవారు గర్వంగానూ, ఇతరులు అనుమానంగానూ రాశారు. ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టి, ఆపై అతని నిర్ణయాన్ని అతనికి వదిలేయడం ఎంత కష్టమో ఈ రెండు రకాల రచనలూ పట్టిస్తాయి.

మదనపల్లె వద్ద ఆరోగ్యవరం కథ వేరు. పలు మిషన్లు కలిసి 1912లో క్షయరోగుల కోసం యూనియన్ మిషన్ శానిటోరియాన్ని నెలకొల్పాయి. డెన్మార్కు దేశస్థుడైన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దాని తొలి సూపరింటెండెంటు. 1915 నుంచి అది ఆరోగ్యవరంలో ఉంది. స్ట్రెప్టోమైసిన్ కనుగొన్నది 1940లలో. అంతకుముందు మూడు దశాబ్దాలు అక్కడి వైద్యులూ నర్సులూ రోగికి ఇవ్వగలిగినది పొడిగాలి, విశ్రాంతి, పుష్టికరమైన తిండి, కొన్ని శస్త్రచికిత్సలు మాత్రమే. ఎంత చేసినా చాలామంది పోయేవారు. మరునాడు మళ్లీ అదే వార్డులో అదే శ్రద్ధతో తిరగాలి. బౌద్ధులు నాలుగవ విహారంగా చెప్పే ఉపేక్షను మన పుస్తకాల్లో తరచూ ‘పట్టనితనం’ అని అనువదిస్తున్నారు. అది సరికాదు. ఫలితం మన చేతిలో లేదని తెలిసీ చెయ్యి వెనక్కి తీయకపోవడమే ఉపేక్ష. ఆరోగ్యవరం నర్సులకు ఆ పదం తెలిసి ఉండనక్కర లేదు.

1948లో మన దేశంలో బి.సి.జి. టీకా మొదలైనప్పుడు మదనపల్లె తొలి కేంద్రాల్లో ఒకటి. 1959లో మద్రాసు క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం, మందులు వాడితే ఇంటివద్ద ఉన్న రోగి కూడా శానిటోరియంలోని రోగిలాగే కోలుకుంటాడని నిరూపించింది. దానితో శానిటోరియాల కాలం ముగిసింది. ఆరోగ్యవరం క్రమంగా సాధారణ వైద్యకేంద్రంగా మారింది. సహాయం రోగి ఇంటి గడపకు నడిచి వెళ్లవలసిన కాలం వచ్చిందన్నమాట.

మైత్రేయుని కోసం ఎదురుచూపు

ఆధునిక కాలంలో ఈ సీమకు బౌద్ధ భావాలు మొదట దివ్యజ్ఞాన సమాజం వెంట వచ్చాయి. ఆ సమాజ స్థాపకుల్లో ఒకడైన కల్నల్ హెన్రీ ఆల్కాట్ 1880లో సింహళంలోని గాలెలో పంచశీల స్వీకరించి బౌద్ధుడయ్యాడు. 1881లో ఆయన రాసిన బౌద్ధ ప్రశ్నోత్తరి మన కెటికిజం పద్ధతిలోనే ఉంటుంది. 1898లో కొలంబోలో ఏర్పడిన యువజన బౌద్ధ సంఘానికి నమూనా మన వై.ఎం.సి.ఏ. ఆధునిక బౌద్ధ సేవాసంస్థల రూపురేఖల్లో ఎంతో భాగం మిషన్లతో పోటీపడుతూ మిషన్ల నుంచే నేర్చుకున్నవి. 1894లో మద్రాసు అడయారు పక్కన ఆల్కాట్ పంచముల పిల్లలకు ఉచిత పాఠశాల తెరిచాడు. 1908లో అనీ బెసెంట్ దివ్యజ్ఞాన సేవాసమితిని ప్రారంభించింది. 1915లో మదనపల్లెలో ఆమె పెట్టిన కళాశాల ఈ వరసలోనిదే. 1919లో రవీంద్రుడు అక్కడ బసచేసి జనగణమనను ఇంగ్లీషులోకి అనువదించిన సంగతి అందరూ ఎరిగినదే గనుక విస్తరించను.

మన దృష్టిలో ఇంతకన్నా ముఖ్యమైనది మైత్రేయుని ఉదంతం. మైత్రేయుడు రాబోయే బుద్ధుడు, మైత్రి అన్న మాటలోంచే ఆ పేరు వచ్చింది. బెసెంట్, లెడ్‌బీటర్ మైత్రేయుడూ క్రీస్తూ ఒకరేనని బోధించారు. ఆ జగద్గురువు అవతరించబోయే దేహంగా 1909లో అడయారులో వారు ఎంచుకున్న బాలుడు, 1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి. 1911లో ఆయన చుట్టూ ఒక సంఘం లేచింది. భూములు, భవనాలు, హాలండులో ఒక కోట దానాలుగా వచ్చిపడ్డాయి. క్రీస్తును మరొక పేరుతో మళ్లీ రప్పించే ఈ ప్రయత్నం మన సంఘాలకు సహజంగానే కంటగింపు అయింది. ఆ వేదాంత విమర్శను పక్కన పెట్టి, ఆ తరువాత జరిగినది చూద్దాం. 1925 నవంబరులో కృష్ణమూర్తి తమ్ముడు నిత్యానంద అమెరికాలో క్షయతో మరణించాడు. మహాత్ముల రక్షణ తమకు ఉందని నమ్మిన అన్నను ఆ చావు కుదిపివేసింది. వారి జన్మసీమలో అప్పటికి పదేళ్లుగా క్షయరోగుల ఊపిరి కోసం మన వైద్యులు పాటుపడుతున్నారన్నది చరిత్రలోని ఒక విచిత్ర సమాంతరం. 1929 ఆగస్టు 3న ఓమెన్‌లో కృష్ణమూర్తి ఆ సంఘాన్ని రద్దుచేశాడు. కోటను ఇచ్చినవారికే తిరిగి ఇచ్చేశారు. అందుకున్న దానాన్ని, దాని కారణం పోయిందని తిరిగి అప్పగించిన మతసంస్థలు చరిత్రలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడానికి వేళ్లు చాలు.

సేవ, సంస్కరణ కూడా మనిషి తనను తాను చూసుకోకుండా తప్పించుకునే దారులు కావచ్చునని కృష్ణమూర్తి జీవితాంతం హెచ్చరిస్తూ వచ్చాడు. బుద్ధఘోషుడు చెప్పిన దగ్గరి శత్రువుకు ఇది ఇరవయ్యో శతాబ్దపు వ్యాఖ్యలా వినిపిస్తుంది. అయినా మదనపల్లె సమీపంలో ఆయన పేరు మీద నడిచే ఋషివ్యాలీ పాఠశాల, ఫీజు కట్టగలిగినవారి బిడ్డలకే పరిమితమన్న విమర్శను చాలాకాలం మోసింది. 1980ల నుంచి చుట్టుపక్కల పల్లెల్లో అది నడిపిన చిన్న బడులు ఆ విమర్శకు కొంత జవాబు చెప్పాయి. ఒకే గదిలో పలు తరగతుల పిల్లలు కార్డుల సాయంతో తమ వేగంతో తాము నేర్చుకునే పద్ధతి అక్కడే రూపుదిద్దుకుంది. ఆ తరువాత తమిళనాడు ప్రభుత్వ బడులదాకా వెళ్లింది.

మారికుప్పం

ఇంతవరకు చెప్పినవారంతా పైనుంచి కిందికి ఇచ్చినవారు. మిషనరీ అయినా, దివ్యజ్ఞాని అయినా, దయ వారిది, అవసరం ఎదుటివారిది. దీనికి భిన్నమైన ఉదాహరణ కోసం కుప్పం స్టేషనులో రైలెక్కాలి. జోలార్‌పేట నుంచి బెంగుళూరు వెళ్లే దారిలో బంగారుపేట వస్తుంది. అక్కడినుంచి చీలిన పాయ కోలారు బంగారు గనుల్లోకి వెళ్లి మారికుప్పం వద్ద ఆగిపోతుంది. ఇప్పుడది కర్ణాటక. కానీ 1880ల నుంచి జాన్ టేలర్ కంపెనీ తవ్విన ఆ గనుల్లోకి దిగిన కూలీలు ఉత్తర ఆర్కాటు, చిత్తూరు సీమల నుంచి వెళ్లినవారే. వారిలో అత్యధికులు ఊళ్లలో అంటరానివారుగా బతికినవారు. వెదురు తడికల గుడిసెల వరుసలకు ‘లైన్లు’ అని పేరు. అక్కడ ఊరి రెడ్డి లేడు, కరణం లేడు. తల్లీ తండ్రీ కూడా లేరు. గనిలో ప్రాణం పోతే పాడె మోయడానికి లైనులోని పక్కవాడే దిక్కు.

ఈ లైన్లలోకి బౌద్ధం తెచ్చినవాడు పండిత అయోతిదాసు. 1845లో పుట్టిన ఈయన సిద్ధవైద్యుడు, తమిళ పండితుడు. 1898లో ఆల్కాట్ తోడ్పాటుతో కొలంబో వెళ్లి సుమంగళ మహాథేరుని వద్ద పంచశీల స్వీకరించి, తిరిగివచ్చి మద్రాసు రాయపేటలో శాక్య బౌద్ధ సంఘం స్థాపించాడు. 1907 నుంచి ‘ఒరు పైసా తమిళన్’ అనే వారపత్రిక నడిపాడు. ఆయన 1914లో మరణించేనాటికి సంఘానికి అనేక శాఖలు ఏర్పడ్డాయి. వాటిలో బలమైనవి మారికుప్పం, చాంపియన్ రీఫ్స్ శాఖలు. 1926 తరువాత అప్పాదురై సంపాదకత్వంలో ‘తమిళన్’ పత్రిక గనుల ప్రాంతం నుంచే వెలువడింది. గని కూలీల చందాలతో నడిచిన ఈ ఉద్యమ చరిత్రను జి. అలోషియస్ 1998లో వెలువరించిన గ్రంథం విపులంగా చర్చించింది.

అయోతిదాసు వాదన సూక్ష్మంగా ఇది: మీరు పంచములు కారు, పూర్వం బౌద్ధులు, ఆ బౌద్ధాన్ని విడువనందుకే మిమ్మల్ని ఊరి వెలుపలికి నెట్టారు. చరిత్రకారుని త్రాసులో ఈ వాదనకు తగినంత ఆధారబలం ఉందని నేను అనుకోవడం లేదు. కానీ అది చేసిన పనిని తూచడానికి వేరే త్రాసు కావాలి. అంతవరకు ఆల్కాట్ బడికీ, మిషన్ బడికీ, సర్కారు రాయితీకీ దరఖాస్తు పెట్టుకునే దీనులుగా తమను చూసుకున్న మనుషులు, తామే ఒకప్పుడు ధర్మాన్ని పంచిన జాతి వారసులమని చూసుకోవడం మొదలుపెట్టారు. పుచ్చుకునే చెయ్యి ఇచ్చే చెయ్యి అయింది. అమరావతి పలక మీది విధికుడు మళ్లీ లేచివచ్చినట్టయింది.

ఆచరణలో వారు చేసినవి చాలా సామాన్యమైన పనులు. ఆదివారాలు సమావేశాలు పెట్టుకునేవారు. చదువు వచ్చినవాడు పత్రిక పైకి చదివితే రానివారు వినేవారు. బిడ్డకు పేరు పెట్టడం, పెళ్లి, చావు, ఈ మూడింటినీ పురోహితుడు లేకుండా తమలో తామే జరుపుకునేవారు. మద్యం మానడం పంచశీలలో భాగం గనుక జీతం రోజున సారాయి అంగడి దారి తప్పించడం కూడా మతాచరణే అయింది. పుస్తకాలు అచ్చువేశారు. 1907లో బౌద్ధసారంపై ఇంగ్లీషు గ్రంథం రాసిన ఆచార్య లక్ష్మీనరసు వంటి మద్రాసు పండితులు వారికి అండగా నిలిచారు. ఆ గ్రంథాన్నే 1948లో డాక్టర్ అంబేడ్కర్ తన ముందుమాటతో తిరిగి అచ్చువేయించారు. మన దేశంలో గని ధూళి వల్ల వచ్చే సిలికోసిస్ జబ్బు 1934లో మొదట నమోదైనది ఈ గనుల్లోనే. ఊపిరితిత్తులు గట్టిపడి పనికి దూరమైనవాడు లైనులో మిగిలిపోతే, వినయపిటకంలోని ఆ అతిసార రోగి కథ అక్కడ ధర్మోపన్యాసంగా గాక నిత్యానుభవంగా అర్థమై ఉండాలి.

మన మిషన్లు కూడా ఆ గనుల్లో పనిచేశాయి, చాలామంది క్రీస్తును అంగీకరించారు. మరి కొందరు బౌద్ధాన్ని ఎందుకు ఎంచుకున్నారు? మిషన్ల దయ చాలక అని నేను అనుకోను. దయ సమృద్ధిగానే ఉంది. కానీ దాని లెక్కపుస్తకం, తాళంచెవి, ఆఖరి మాట చాలాకాలం వేరొకరి చేతిలో ఉండిపోయాయి. మారికుప్పంలో అణా చందా ఇచ్చినవాడే లెక్క అడిగేవాడు. ఆ ఉద్యమ సాహిత్యం దాదాపుగా తమిళంలోనే నడిచినందువల్ల, ముప్పేట భాషల కూడలి అయిన కుప్పం పక్కనే ఇంత జరిగినా తెలుగు పరిశోధనలో దానికి చోటు దక్కలేదు. మన సెమినరీల్లో తమిళం చదవగల తెలుగు విద్యార్థులు ఉన్నారు. వారికి ఇది మంచి పరిశోధనాంశం.

నేటి సంగతి

1976లో వచ్చిన విదేశీ విరాళాల నియంత్రణ చట్టం స్థానంలో 2010లో కొత్త చట్టం వచ్చింది. 2020 సవరణ దానిని ఇంకా బిగించింది. ఒక సంస్థ తాను పొందిన విదేశీ విరాళాన్ని మరొక సంస్థకు బదిలీ చేయడానికి ఇప్పుడు వీలులేదు. ఈ చట్టం ఉద్దేశాలపై మనకు ఫిర్యాదులు ఉండవచ్చు, నాకూ ఉన్నాయి. కానీ బయటి డబ్బు ఆగగానే ఆగిపోయే పరిచర్య అసలు ఎవరిది అన్న ప్రశ్నను అది మన ముందుకు నెట్టింది.

బౌద్ధులు దానాన్ని మూడు విధాలంటారు. వస్తువులిచ్చేది ఆమిషదానం. జ్ఞానమిచ్చేది ధర్మదానం. భయం పోగొట్టేది అభయదానం. ఈ సీమలో మొదటిదానికి కొరత లేదు. ఎండాకాలం వస్తే మదనపల్లె బస్టాండులోనూ పుంగనూరు సెంటర్లోనూ చలివేంద్రాలు వెలుస్తాయి. నాగార్జునుడు చెప్పిన పానశాలలే ఇవి, నాయకుల ఫ్లెక్సీ బొమ్మలు మాత్రం కొత్త. రెండవదానికి కుప్పం పక్కన గుడుపల్లెలో ఒక ఉదాహరణ ఉంది. ఋషివ్యాలీలో చదువుకున్న రాంజీ రాఘవన్ 1999లో స్థాపించిన అగస్త్య ఫౌండేషన్, సైన్సు ప్రయోగ సామగ్రిని వాహనాల్లో ప్రభుత్వ బడుల వద్దకే తీసుకుపోతుంది. దానికి బౌద్ధమన్న ముద్ర లేదు, అక్కర కూడా లేదు. బెంగుళూరులో ఆచార్య బుద్ధరక్ఖిత 1956లో స్థాపించిన మహాబోధి సొసైటీ బౌద్ధమన్న పేరుతోనే విక్టోరియా ఆసుపత్రిలో కాలిన గాయాల విభాగానికి తోడ్పడింది. ఆ వార్డులో మంచం ఇచ్చేముందు ఎవరి మతమూ అడిగే పని ఉండదు.

మూడవది కష్టం. అప్పులవాడి భయం, కులపెద్ద భయం, ఒంటరిగా చచ్చిపోతానన్న భయం, వీటిని అన్నం పొట్లం తీర్చదు. ప్రతినెలా మొదటి ఆదివారం కానుకలో ఒక భాగాన్ని పక్కన పెట్టి, సంఘంలోని ముసలివారి మందులకు, ఆసుపత్రికి తోడు వెళ్లే మనిషి దారిఖర్చులకు వాడాలని పడమటి మండలాల పల్లె సంఘాలకు నేను సూచిస్తాను. లెక్క రాసేది అందుకునే కుటుంబాల్లోని ఒకరే కావాలి. చందా పది రూపాయలైనా అందుకునేవారు కూడా వేయాలి. ఇది క్రైస్తవేతర ముసలివారికీ వర్తించాలి, ఆ ఇంటికి వెళ్లినప్పుడు కరపత్రం సంచిలోనే ఉండాలి. సువార్తకు ఇది ద్రోహమని కొందరు పెద్దలు అనవచ్చు. తోడు వెళ్లిన మనిషి ఎవరో, ఏ గుడివాడో ఊళ్లో అందరికీ తెలుసు గనుక ఆ భయం అనవసరమని నా జవాబు.

కోలారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. ఆ లైన్లలో పుట్టి పెరిగినవారు ఇప్పుడు తెల్లవారకముందే మారికుప్పంలో రైలెక్కి బెంగుళూరుకు పనికి పోయి రాత్రికి తిరిగివస్తారు. కుప్పం నుంచి కూడా ఆ వేళకే రైళ్లు నిండుతాయి. పగలంతా ఆ ఇళ్లలో ఉండేది ముసలివారు, మంచం పట్టినవారు, చిన్నపిల్లలు. మధ్యాహ్నం పూట ఎవరికైనా ఆయాసం ముంచుకొస్తే, నీళ్లు తెచ్చేదీ లేపి కూర్చోబెట్టేదీ ఆ వరసలో ఇంటిపట్టున మిగిలిన మరొక ముసలివారే.